మేడమ్ దగ్గారు

"మీ అక్క అడ్రస్ ఒక పాటలో ఉంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ చీమ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేశాడు. డిపార్ట్‌మెంటులో పులి, త్రాచు లాంటి పేర్లన్నీ ముందొచ్చినవాళ్లు ఎగరేసుకుపోయారు. ఇతను ఇంటర్వ్యూకి ఆలస్యంగా వచ్చాడు, చీమ మిగిలింది. అక్క కోడ్ నేమ్ మాత్రం డేగ. ఏడాదిగా శత్రుదేశంలో టైలరు వేషంలో బట్టలు కుడుతూ అక్కడి గూఢచారి ముఠా గుట్టు లాగుతోంది. అమ్మ పోయాక తమ్ముణ్ని చెవి మెలేసి అన్నం తినిపించి పెంచింది ఆవిడే.

"ఏ పాట సార్?"

"ఓ సినిమా పాట. ఇవాళ సాయంత్రం ఆ రికార్డింగంతా హార్డ్ డిస్క్‌లో మిక్సింగుకని విదేశం వెళుతోంది. అందులో ఏదో క్లిప్. మన ఆఫీసులో లీక్ చేసినవాడు దొరికాడు. స్టూడియోలో ఎవరికి చెప్పాడో మాత్రం ఇంకా నోరు విప్పలేదు."

"డిస్క్ ఆపేద్దాం."

"ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. రాత్రికి ఇంకో దారిన పంపిస్తారు. రేపు పొద్దున దాకా మీ అక్కతో మనకు కాంటాక్ట్ లేదు. డిస్క్ వెళ్లాలి. అడ్రస్ వెళ్లకూడదు."

"లోపల మనవాళ్లెవరున్నారు?"

"సింగర్. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది."

"నమ్మొచ్చా?"

"ముఠావాళ్లు కూడా ఇదే ప్రశ్న వేసుకుంటూ ఉంటారు," అని నిట్టూర్చాడు చీఫ్.

మధ్యాహ్నానికి చీమ ఏసీ మెకానిక్ అయిపోయాడు. పాత ఖాకీ చొక్కా, అతికించిన మీసం, భుజాన టూల్ బ్యాగు. టెస్టర్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా ఉంది. స్టూడియో ఏసీ రెండ్రోజులుగా గురగురమంటోంది. ఆ రోగం తెప్పించింది కూడా డిపార్ట్‌మెంటే.

కంట్రోల్ రూమ్ గోడలకు మందపాటి స్పాంజి, గాజు అద్దానికి అవతల పాడే గది. తలుపు వేస్తే చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఆ మాటకు ఇక్కడి చీమ కాస్త ఇబ్బంది పడ్డాడు. కుర్చీలో సౌండ్ ఇంజినీరు, తెల్లగడ్డం పెద్దాయన. ఎవరెంత బాగా పాడినా "ఇంకోటి తీసుకుందాం" అంటాడట, అందుకని ఆయన పేరే ఇంకోటి అయిపోయింది. వెనక సోఫాలో కాలు మీద కాలేసుకుని సింగర్. ఎర్రచీర, నల్లకళ్లద్దాలు, గదంతా సెంటు వాసన.

"వాన పడేలా ఉంది మేడమ్," అన్నాడు చీమ నిచ్చెన వేస్తూ.

"నేను గొడుగు తెచ్చుకోలేదే," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ఇంకోటి ఫోనందుకోవడానికి పక్కకి తిరగగానే ఆమె లేచి నిచ్చెన దగ్గరికొచ్చింది. "వాడని క్లిప్పుల్లో ఉంది. పాడైపోయిన టేకులు వందల కొద్దీ ఉన్నాయి. వెతికే టైమ్ లేదు. మొత్తం క్లీనప్ చేయించెయ్."

"ఎవరు పెట్టారు?"

ఆమె కళ్లద్దాల మీద నుంచి ఇంకోటి వైపు చూసింది. చీమ చూసింది మాత్రం ఆమె వైపు. అంత ఖాయంగా తెలిస్తే పొద్దున్నే చీఫ్‌కి ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా? అతను నిచ్చెన దిగి, తలుపు హ్యాండిల్ వదులుగా ఉందంటూ లోపలివైపు స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. నిజానికి విప్పుతున్నాడు.

"పెద్దాయనా, ఆ చెత్తంతా తీసేయండి," అంది సింగర్.

"చెత్తేంటమ్మా! పనికిరాదనుకున్న టేకులోనే ఎప్పుడో ఒక మంచి ముక్క దొరుకుతుంది. నేను తియ్యను." ఇంకోటి గడ్డం కింద చెమట. ఏసీ లేక పట్టిన చెమటా, భయం చెమటా? చీమకు ఇద్దరి మీదా అనుమానమే. ఆ క్షణంలో అద్దంలో తన అతుకు మీసాన్ని చూసుకుని దాని మీద కూడా అనుమానపడ్డాడు.

"నిర్మాత తీసేయమన్నారు," అని ఆమె అబద్ధం ఆడింది. ఇంకోటి గొణుక్కుంటూ వాడని క్లిప్పులన్నీ సెలెక్ట్ చేశాడు. తెరమీద ఓ ప్రశ్న మెరిసింది. ఆయన కళ్లజోడు సర్దుకునే లోపు ఆమె చెయ్యి చాపి బటన్ నొక్కేసింది. చాంతాడంత జాబితా ఒక్కసారిగా ఖాళీ అయింది.

"హమ్మయ్య," అంది సింగర్. హార్డ్ డిస్క్ తగిలించి కాపీ పెట్టారు. డిస్క్ తీసుకెళ్లే కారు డ్రైవర్ కింద నుంచి ఫోన్ చేసి తొందరపెట్టాడు.

చీమకు హమ్మయ్య అనిపించలేదు. తెరమీద కాపీ గీత ఇంకా పాకుతోంది. ముప్పావు వంతు సరుకు పోతే ఈపాటికి అయిపోవాలి కదా.

"పెద్దాయనా, ఇందాకటి ప్రశ్న ఏంటి?"

"జాబితాలోంచి తియ్యాలా, కంప్యూటర్‌లోంచే తుడిచెయ్యాలా అని అడుగుతుంది."

"మేడమ్ ఏది నొక్కారు?"

ఇంకోటి ఫోల్డర్ తెరిచాడు. జాబితాలోంచి మాత్రమే పోయాయి, ఇక్కడ క్లిప్పులన్నీ పేర్లతో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి. టేకు ఎందుకు చెడిందో అదే దానికి పేరుగా పెట్టడం ఆయనకు అలవాటు. చీమ గబగబా చదువుకుపోయాడు. జారింది. మింగింది. శ్రుతి పోయింది. దగ్గింది. మళ్లీ దగ్గింది. మేడమ్ దగ్గారు.

అక్కడ ఆగాడు.

"ఇది మీరు రాశారా?"

ఇంకోటికి పౌరుషం వచ్చింది. "దగ్గారా? నా జన్మలో టేకులకి మర్యాద ఇచ్చి ఎరగను!"

క్లిప్ మోగింది. పాట అదే, మాటలు వేరు. వీధి పేరు, ఇంటి నంబరు, మేడ మీద టైలరు. అందులో దగ్గు లేదు. గొంతు మేడమ్‌దే. ఇంత తియ్యటి గొంతుతో అక్కని చంపమని పాడిందే! ఇంకోటి టీకి వెళ్లినప్పుడు ఇంత పకడ్బందీగా రికార్డ్ చేసుకున్న మనిషి, తన గురించి తాను 'దగ్గింది' అని మాత్రం రాసుకోలేకపోయింది.

సింగర్ డిస్క్ లాక్కుని తలుపు వైపు ఉరికింది. హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది.

"అరిచినా బయటికి వినబడదు మేడమ్. గది అలాంటిది," అన్నాడు చీమ.

ఆమె హ్యాండిల్‌నీ, అతన్నీ చూసి చల్లగా నవ్వింది. "డిస్క్ వెళ్లకపోతే ఈ రాత్రే ఇంకొకడు అడ్రస్ పట్టుకుని వెళతాడు."

"వెళుతుంది. అడ్రస్ మార్చి మళ్లీ పాడండి. ఇవాళ మా వైపు పనిచేస్తే జైల్లో కనీసం ఫ్యాన్ ఉన్న గది ఇప్పిస్తాను."

టెస్టర్‌లోంచి చీఫ్ గొంతు గరగరలాడింది. "అక్కడి పోలీస్ కమిషనర్ ఇంటి అడ్రస్ ఇవ్వు. ముఠావాళ్లు చీకట్లో చప్పుడు లేకుండా దూరతారు. లోపల నాలుగు వేటకుక్కలున్నాయి."

మళ్లీ ఫోన్. ఈసారి డ్రైవర్ వెళ్లిపోతున్నానన్నాడు. సింగర్ అద్దం అవతలికి వెళ్లి పాడింది. వీధి పేరు దగ్గర తడబడింది. చీమ ఇంకోటిని చూశాడు. ఈ మనిషి ఇప్పుడు ఇంకోటి అన్నాడంటే అక్క చచ్చినట్టే.

ఇంకోటి జన్మలో మొదటిసారి అన్నాడు: "ఓకే."

పాతదాన్ని ఈసారి కంప్యూటర్‌లోంచీ, హార్డ్ డిస్క్‌లోంచీ కూడా తుడిచేశారు. మిగతా చెత్తా తుడిచారు. కొత్తదానికి మర్యాద తగ్గకుండా పాత పేరే పెట్టారు. కాపీ గీత ఒక్క ఉరుకులో చివరికెళ్లింది. చీమ చేత్తోనే తలుపు పీకి, మెట్లు మూడేసి దూకి, కదులుతున్న కారు కిటికీలోంచి డిస్క్ లోపలికి విసిరాడు.

మర్నాడు పొద్దున్నే సీక్రెట్ లైన్ మోగింది. అక్క.

"ఒరేయ్, రాత్రంతా ఒక్క కునుకు లేదురా. పక్కవీధిలో కమిషనర్ ఇంట్లో కుక్కలు ఒకటే మొరుగుడు, ఎవరో మగాళ్లు ఒకటే ఏడుపు. కాలనీలో మనుషులుంటారన్న ఇంగితం ఉండక్కర్లేదూ?"

"నిజమే అక్కా," అన్నాడు చీమ కళ్లు తుడుచుకుంటూ. "నేను కంప్లైంట్ రాయిస్తాను."