గురువమ్మ ప్రతిరూపి

2094 నాటికి బడిపిల్లలు శాస్త్రవేత్తల్ని ఎదురుగా చూడటం మామూలైపోయింది. తరగతి గదిలో మీట నొక్కితే చాలు, మనిషి వచ్చి నిలబడేది. దాన్ని ప్రతిరూపి అనేవారు. ఒకరి మాటను, యాసను, జ్ఞాపకాలను న్యూరల్ మ్యాప్‌గా తీసి హోలోగ్రామ్‌లో నింపితే, అది అచ్చం వాళ్లలాగే జవాబులు చెప్పేది.

అది పుట్టింది డాక్టర్ తోకల గురువమ్మ పోరు పడలేక.

నల్లమల అడవిలోని చెంచుపెంటల నుంచి ధాన్య పరిశోధన కేంద్రంలో చేరిన మొదటి మనిషి ఆమె. ఉప్పునేలలో పండే కొర్రను తయారుచేయాలని వచ్చింది. పూత విచ్చుకున్న కొద్ది రోజుల్లోనే చేత్తో సంకరం చేయాలి. సరిగ్గా అప్పుడే కేంద్రం ఆమెను ఊళ్లమీదికి తోలేది, అడవిబిడ్డలకు సైన్సు మీద ఆశ పుట్టించమని. "నువ్వూ నాలాగే కావచ్చు" అని చెప్పీ చెప్పీ తిరిగొచ్చేసరికి పూత కాస్తా అయిపోయేది. ఏటా అదే తంతు.

చివరికి డైరెక్టర్ చక్రధర్‌తో తెగేసి చెప్పింది.

"మాటలు చెప్పేదానికి నా బొమ్మను పంపండి సారూ. నన్ను చేనికాడ ఉండనీయండి."

ఆ మాటే పట్టుకుని ఇంజనీర్లు ప్రతిరూపిని తయారుచేశారు. ఆ ఏడు గురువమ్మకు పూత దక్కింది. మరుసటి ఏడు ఉప్పుమడిలో కంకి వంగింది. దాన్ని పట్టుకుని, ఒళ్లు తెలియని సంతోషంతో డైరెక్టర్ గదికి పరుగెత్తింది.

ఆయన కంకి వంక చూడనేలేదు. ప్రతిరూపిని ఆకాశానికెత్తాడు. వందల బళ్లలో ఒకేసారి మాట్లాడుతోందట, అలుపూ విసుగూ లేవట. ఆపైన గొంతు తగ్గించాడు.

"నిన్ను తీసుకున్నది ప్రాతినిధ్యం కోసం కదమ్మా. ఇకమీదట తెగకొక ప్రతిరూపి ఉంటే చాలని బోర్డు తేల్చేసింది. నీ పోస్టు తీసేశారు."

"మరి నా కొర్ర?"

"దాన్ని మనవాళ్లు చూసుకుంటారులే."

మనవాళ్లు! అందులో తను ఏనాడూ లేదని గురువమ్మకు అప్పుడు తెలిసింది.

సామాను సర్దుకుని బయటికొస్తుంటే, గేటు దగ్గర ఓ తండా అమ్మాయి ఎదురొచ్చి దణ్ణం పెట్టింది. పేరు ఇస్లావత్ చాందిని అట, బడి చదువు ముగించి ఆ రోజే ల్యాబ్ సహాయకురాలిగా చేరుతోందట.

"మా బడికొచ్చి చెప్పినరు కద మేడం, నువ్వు గూడ నా లెక్కనే కావచ్చని. అందుకే వచ్చిన."

ఆ వచ్చింది తాను కాదని చెప్పాలనుకుంది గురువమ్మ. వెనక్కి పొమ్మనాలో, లోపలికి పొమ్మనాలో తోచలేదు. ఈలోగా లోపలి నుంచి ఇంజనీరు కేకేశాడు.

"చాందినీ, ముందు ప్రతిరూపి గదికి రామ్మా, నీ మ్యాప్ తీయాలి. ల్యాబ్ తర్వాత చూద్దువుగాని."

వస్తున్నా సార్ అంటూ ఆ పిల్ల ఉత్సాహంగా పరుగెత్తింది.