పరదా బండి

ఊరంతా కోడికూతకు లేస్తే, బుచ్చిరాజుగారిల్లు గొలుసుమోతకు లేచేది. పొద్దున్నే పందుంపుల్ల నోట్లో పెట్టుకుని ఆయన పాకలోకి వెళ్లేవారు. గూడుబండి చక్రాన్ని రాతిస్తంభానికి కట్టిన గొలుసును గట్టిగా లాగి చూసేవారు. దానికి కొబ్బరికాయంత తాళం. చెవి ఆయన మొలతాడుకి. తాళానికి చెవి ఉండేది గానీ, ఆయన మాత్రం ఎవరి మాటా చెవిని పెట్టేవారు కాదు.

బండిలో అటుకుల డబ్బా, బెల్లం, ఉప్పు, మైనంతో మూసిన సీసాలో అగ్గిపుల్లలు, లాంతరు, కొబ్బరితాడు, గొడ్డలి ఎప్పుడూ సిద్ధం. వేరే ఇళ్లలో అటకెక్కే అటుకులు ఇక్కడ బండెక్కాయి. ముందూ వెనకా మందపాటి పరదాలు. ఆ రాజులింటి ఆడవాళ్లు పరదా లేకుండా గడప దాటరు మరి! కొల్లేరు పొంగితే క్షణంలో బయల్దేరాలని ఈ ఏర్పాటంతా.

"మా నాన్నగారి బండి కదిలేది ప్రళయానికే" అనేవాడు కొడుకు అబ్బాయిరాజు, ఆయన వినకుండా.

కోడలు కామేశ్వరికి నవ్వొచ్చేది కాదు. పాక కప్పు చుక్క కారదు. అయినా ప్రతి ఉదయం వెనక పరదా అంచు తడిసి ఉండేది, నీళ్లలోంచి నడిచొచ్చిన పావడాలాగ. నాచు వాసన వేసేది. ఒక్కోసారి లోపల గాజులు గలగలమనేవి. ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు.

ఆ ఉదయం తెరిపి లేని వాన. తెర తియ్యని బండి. అంతలో అత్తిలి నుంచి కబురొచ్చింది. కామేశ్వరి తల్లికి పక్షవాతం. మాట పడిపోయి, కూతురి కోసం గుమ్మంకేసే చూస్తోందిట.

"ఏవండీ, బండి కట్టించండి. కైకలూరు స్టేషన్ దాకా చాలు. అక్కడ రైలెక్కుదాం."

"నాన్నగారు ఒప్పుకోరే. వానాకాలంలో బండి కదపరు."

"ఆయ్! అయితే గొలుసు చక్రానికి కాదండి, మీకే వేశారు. అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది మీరే!"

అవతల గదిలోంచి బుచ్చిరాజుగారి గొంతు వినిపించింది. "కొల్లేరు కబురు పెట్టి రాదమ్మా. బండి స్టేషన్ దగ్గరుండగా నీళ్లొస్తే? మీ అత్తయ్యని ఏ చాటున తీసుకెళ్లను?"

కామేశ్వరి తలుపు చాటునుంచే అంది. "రాని నీళ్ల కోసం, పోయే ప్రాణం ఆగుతుందాండి మావయ్యగారూ?"

ఆయన కండువా దులుపుకుని వీధి అరుగు మీదికి వెళ్లిపోయారు.

కామేశ్వరి ఏడుస్తూ పాకలోకి వెళ్లి వెనక పరదా ఎత్తింది. అటుకుల డబ్బా వెనక, పీట మీద మడతపెట్టిన పావడాలు. అడుగున మరీ చిన్నది. పైకి వస్తున్నకొద్దీ పెద్దవి. అన్నిటికంటే పైన ఈడొచ్చిన పిల్లకి సరిపోయే కొత్త పావడా. పక్కన చిన్న గాజులు, నీళ్లోడుతున్నాయి.

"ముట్టుకోకమ్మాయీ. ఆరనీ."

వెనక అత్తగారు రత్నమాణిక్యం నిలబడి ఉంది.

"మా పాపవి. నువ్వీ ఇంటికి రాకముందు ఒకసారి వరదొచ్చింది. పడవ గుమ్మందాకా వచ్చింది. దానికి పరదా లేదు. పరదా కట్టుకుని రండని మీ మావయ్య దాన్ని వెనక్కి పంపేశారు. నేనూ సరే అన్నాను. పరదా కంటే వరద ముందొచ్చింది. పాప నా చెయ్యి జారిపోయింది."

"మరి... ఈ తడి ఎక్కడిదండీ?"

"నేనడగను. పిల్ల తడిసి వచ్చిందే అని పొడిబట్టలు పెడతాను. ఏటేటా కాస్త పొడుగు కుట్టిస్తాను."

కామేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిన్నగా వీధి అరుగు మీదికి వెళ్లి, ఏ చాటూ లేకుండా మామగారి ఎదురుగా నిలబడింది. కోడలి మొహం ఆయన చూడడం అదే మొదలు.

"పాప సంగతి తెలిసిందండి. ఆ రోజు పరదా కోసం ఆగారు. ఇవాళ మళ్లీ పరదా కోసమే నన్నూ ఆపుతారా? నడిచే పోతానండి."

ఆయన లేచి పాకకు నడిచారు. మొలతాడు నుంచి చెవి తీసి తాళంలో పెట్టారు. తిరగలేదు. రెండు చేతులా తిప్పారు. చెవి వంగింది గానీ తాళం వంగలేదు. లోపలంతా తుప్పు. ఇన్నేళ్లూ రోజూ గొలుసు లాగి చూశారే గానీ, ఒక్కనాడూ తాళం తీసి చూడలేదు.

"నీళ్లే వచ్చుంటే..." అన్నారాయన.

బండిలో గాజులు గబగబా మోగాయి, మూసిన తలుపును పసిచేతులు బాదుతున్నట్టు.

గొడ్డలి కోసం ఆయన పరదాలోకి చెయ్యి పెట్టారు. వెతకనక్కర్లేకపోయింది. పిడి దానంతటదే వచ్చి అరచేతిలో పడింది. దాంతోపాటు చల్లటి తడి ఏదో వేళ్లను తాకి వదిలింది. ఆయన అరవలేదు. గొలుసు తెగేదాకా కొట్టారు. ఆ తర్వాత పరదాలు రెండూ పీకి నేలమీద పడేశారు.

"అబ్బాయీ, ఎద్దుల్ని కట్టు. మాణిక్యం, నువ్వూ ఎక్కు."

రత్నమాణిక్యం కొత్త పావడా గుండెకు అదుముకుని ఎక్కింది. వాన తెరిపిచ్చింది. పక్కన కొల్లేరు బూడిదరంగులో, అల లేకుండా, వింటున్నట్టుగా ఉంది. ముందు కూర్చున్న బుచ్చిరాజుగారు వెనక్కి తిరిగారు.

"కామేశ్వరమ్మా, కాస్త జరుగమ్మా. పాప కూర్చుంటుంది."

పాప పోయాక 'పాప' అన్న మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. రత్నమాణిక్యం భోరుమంది. ఆయన గడ్డం కూడా తడిసింది.

కామేశ్వరి జరిగింది. ఇద్దరి మధ్యా పరిచిన గడ్డి, తేలికైన బరువేదో ఆనినట్టు మెల్లగా అణిగింది. అత్తగారు దాని మీద పొడిపావడా పరిచింది.

ఆ రోజు కామేశ్వరికి రైలు అందింది. అమ్మా అందింది.

ఆ పావడా మాత్రం కైకలూరు దాకా ఒక్క చుక్కైనా తడవలేదు.