కార్డుకెక్కని మూర్ఛలు

జొన్నరొట్టె పెనం మీద ఉండగానే శివమ్మ కళ్లు తేలేసింది. పదిహేనేళ్ల పిల్ల, చూస్తుండగానే పొయ్యి పక్కకు ఒరిగి కొట్టుకోసాగింది. లింగమ్మ ఒక్క ఉదుటున కూతుర్ని ఇవతలికి లాగింది గానీ, అప్పటికే ఎడమచెయ్యి పెనానికి తగిలి కాలింది. మూడు నెలల్లో ఇది నాలుగోసారి. ముందు మూడింటి సంగతి మొగుడికి కూడా చెప్పలేదు ఆ మహాతల్లి.

నంద్యాల నూలుమిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన తిరుపతయ్య ఆ చెయ్యి చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. శివమ్మ మూర్ఛకు మూడు నెలల కిందటే కర్నూలు పెద్ద డాక్టరు కొత్త మాత్ర రాసిచ్చాడు. బయట అంగళ్లలో అది దొరకదు. మిల్లువాళ్ల బీమా ఆస్పత్రిలో ఉంది గానీ ఊరికే ఇవ్వరు. ముందు పాత మాత్ర మింగాలట, దాంతో మూర్ఛ ఆగలేదని మూడుసార్లు కార్డులో పడాలట, అప్పుడే కొత్తది. ఇదేం దిక్కుమాలిన రూలు, డాక్టరు రాసిన మందు రాసినట్టు ఇవ్వాలని అతను నెల రోజులుగా మిల్లంతా తిరిగి అర్జీ మీద సంతకాలు పెట్టిస్తున్నాడు.

రిక్షా ఎక్కి ముగ్గురూ ఆస్పత్రికి పోయారు. కాంపౌండరు సంజీవయ్య కార్డు తిరగేసి, ఒక్క మూర్ఛ కూడా లేదే అన్నాడు. పాత మాత్రలకు వచ్చిన ప్రతిసారీ లింగమ్మ పిల్ల బాగుందనే చెప్పిందట.

తిరుపతయ్య పెండ్లాం వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు పడిందే?"

"ఇది నాలుగు."

"నాకెందుకు చెప్పలే?"

లింగమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఏమని చెబుతుంది? సంజీవయ్యది ఆమె పుట్టినూరు ఆళ్లగడ్డే, ఆమె అన్న ఇంటి పక్కిల్లు. ఆ అన్న కొడుక్కే శివమ్మను ఇస్తామని మాటిచ్చారు. మూర్ఛ ఇంకా తగ్గలేదని పొద్దున ఇక్కడ చెబితే సాయంత్రం బస్సులో అక్కడికి చేరి సంబంధం తప్పిపోతుందని ఆమె భయం. మొగుడికి చెబితే కార్డులో రాయిస్తాడని అతని దగ్గరా దాచింది.

పాతవి ఇప్పుడు రాయకూడదని, లెక్క ఈరోజు నుంచేనని, ఇంకా రెండు కావాలని సంజీవయ్య నసుగుతూ చెప్పాడు.

"ఇంకా రెండుసార్లు పడాల్నా నా బిడ్డ?" లింగమ్మ గొంతుకు మందుల కోసం నిలబడ్డ వరసంతా ఇటు తిరిగింది. "ఆళ్లగడ్డకు పోయి మా అన్నకే చెప్పుకో సంజీవన్నా. సంబంధం పోతే పోనీ. అబద్ధం చెప్పింది నేను, పిల్ల కాదు. దానికి మందు ఇప్పియ్యి."

సంజీవయ్య కార్డులో ఈరోజు మూర్ఛ ఎక్కించాడు. తిరుపతయ్య చేతిలోని అర్జీ తీసుకుని, ఉద్యోగం సంగతి కూడా చూసుకోకుండా, కింద తన సంతకం పెట్టాడు. అది హైదరాబాదు పెద్దాఫీసుకు పోయి జవాబు వచ్చేదాకా మాత్రం పాత మాత్రలే ఇవ్వగలనన్నాడు.

బయటికొచ్చాక మొగుడు తిడతాడనుకుంది లింగమ్మ. తిట్టలేదు. "రాత్రి డ్యూటీ మార్పించుకుంటా," అన్నాడు. "పగలు నువ్వు కనిపెట్టుకో, రాత్రి నేను చూస్తా. ఇంగ నాకాడ ఏమీ దాయొద్దు." ఆమె అతని భుజం మీద తల పెట్టి, నడిరోడ్డని కూడా చూడకుండా ఏడ్చింది.

శివమ్మ తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఆ రెండూ తొందరగా వచ్చేస్తే మందిస్తారు గదా నాయనా?"