కట్ట మీద వాచ్‌డాగ్

"రిజర్వాయరు కంట్రోల్ బోర్డు లేవడం లేదు. గేట్లు తెరుచుకోవడం లేదు. సాయంత్రానికి కట్ట తెగుతుంది," ఇస్రాయేలుతో అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ దశరథం. "చేసిందెవరో చెప్పాలా?"

అక్కర్లేదు. ఏజెంట్ సౌందర్య. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, కన్సల్టెంట్ బ్యాడ్జి. జీతం మన శాఖది, విధేయత విదేశీ ముఠాది.

ఎరువుల సేల్స్‌మన్ వేషంలో ఇస్రాయేలు వీపనగండ్ల అవతలి రిజర్వాయరు చేరేసరికి వాన దంచుతోంది.

"పల్లి విత్తనం ఉందా?" అడిగాడు ఆపరేటర్ కురుమూర్తి. అది కోడ్‌వర్డ్.

"మొలకెత్తిందే ఉంది."

"గట్లనే ఉంది మా నసీబు. జర జల్ది రా సారూ. కట్ట కిందనే మా కాలనీ. వాగొచ్చి తొవ్వ బందైంది, జనం ఎల్లనీకి లేదు."

ఇస్రాయేలు టిఫిన్ డబ్బా అడుగు తిప్పి చిప్ ప్రోగ్రామర్ తీశాడు. బోర్డుకు పవరిచ్చాడు. ఎర్రలైటు వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది, ఆరింది. ప్రాసెసర్ లేవబోయి కూలబడుతోంది. స్క్రీను వచ్చేదాకా బతికితేగా మెనూ కనపడేది! ఇక బోర్డును లేపే ఫర్మ్‌వేర్ చిప్‌లోని సెట్టింగులు గుడ్డిగా ఒక్కొక్కటే మార్చి చూడాలి.

"ఆమె ఏం మార్చింది?"

"అన్నీ తెల్వదు సారూ. వాచ్‌డాగ్ చాలు జేసింది. గదొక్కటి నేను సూసిన."

వాచ్‌డాగ్ అంటే కాపలా టైమర్. గడువులోగా ప్రాసెసర్ పలకకపోతే రీసెట్ కొడుతుంది. దాన్ని చాలించిందంటే దానితో పేచీ లేదు. ఇస్రాయేలు దాన్ని వదిలేసి మెమరీ స్పీడు తగ్గించాడు. క్లాక్ తగ్గించాడు. ఒక్క కోర్ ఉంచి మిగతావి మూసేశాడు. లైటు వెలిగింది, ఆరింది.

నీళ్లు కట్ట అంచు తాకాయి. కరెంటు పోయింది. ఇస్రాయేలు చేతులు దించేశాడు.

కురుమూర్తి కిటికీలోంచి వాచ్‌మన్‌ను కేకేశాడు. "ఓ వెంకటన్నా, జనరేటర్ చాలు జెయ్యి."

జనరేటర్ గుర్రుమని లేచింది.

ఇస్రాయేలు ఉలిక్కిపడ్డాడు. "చాలు అంటే... ఆపడం కాదా?"

"ఆపుడేంది సారూ? ఆపుడంటే బంద్ జేసుడు. చాలు అంటే నడిపిచ్చుడు. మీదే ఊరు?"

"ఈ పక్కనే, పాన్‌గల్," అన్నాడు ఇస్రాయేలు తల వంచుకుని. వలస కూలీల బిడ్డ. గుంటూరు హాస్టళ్లలో పెరిగి అమ్మ మాట మరిచాడు.

వాచ్‌డాగ్ నడుస్తోంది. ప్రాసెసర్ కళ్లు తెరిచేంత గడువైనా ఇవ్వకుండా కొడుతోంది. ఇస్రాయేలు చిప్‌లో దాన్ని బంద్ చేశాడు.

లైటు వెలిగింది. ఆరలేదు. మొదటి అల కట్ట మీంచి దొర్లుతుండగా గేటు కదిలింది.

నీళ్లు కట్ట అంచు దిగేదాకా కురుమూర్తి కాలనీ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"సౌందర్య సరిహద్దు దాటేసింది," అన్నాడు చీఫ్ వైర్‌లెస్‌లో. "ఇంకెన్ని బోర్డుల్లో చెయ్యి పెట్టిందో ఎలా తెలుస్తుంది?"

"వరదొస్తే తెలుస్తుంది, సార్."