ఒక్కరి బూడిద

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కావడానికి ఇంకా ఏడే ఏడు నిమిషాలు!

అర్ధరాత్రికి భయపడేవాళ్ళు అమాయకులు. రాత్రికి కనీసం దీపం పెట్టుకోవచ్చు. సూర్యుడు నడినెత్తిన నిలిచి, మనిషి నీడ అరికాళ్ళ కిందికి ముడుచుకుని మాయమయ్యే ఆ క్షణానికి ఏ దీపమూ పనికిరాదు. నీడ లేని దేహానికి కాపలా లేదంటుంది క్షుద్రశాస్త్రం. ఆ భీకర క్షణం కోసమే దహనశాల వెనక ఉన్న రెండు గదుల ఇంట్లో రసవాది నిరీక్షిస్తున్నాడు.

పొగగొట్టం అంచున పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, పైకప్పులోని గాజుపలక ఒక్కటి తప్ప. దానిలోంచి నిట్టనిలువుగా దిగిన ఎండ సరిగ్గా మంచం మీద పడుతోంది.

మంచం చుట్టూ బూడిదతో గీసిన మండలం! మంచం మీద కదలిక లేని స్త్రీ! ఆమె తల పక్కన ముక్కాలిపీట మీద తెల్లగా కాలిన కపాలం... ఆ కపాలం నిండా బూడిద! దాని పక్కనే చిన్న స్పిరిట్ దీపం మీద పొడుగు మెడ గాజుకూజా సన్నగా ఈలవేస్తోంది.

గుమ్మం దగ్గర మరో చిన్న బూడిద వలయంలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు. అతన్ని అందరూ మేస్త్రీ అంటారు, దహనశాలలో బట్టీ నడిపేది అతనే. నిలబడి ఉన్నాడనే గానీ, ఆ వలయం గీసిన క్షణం నుంచి మోకాళ్ళ కింద కాళ్ళున్నాయో లేదో అతనికే తెలియడం లేదు.

"అయ్యా... మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆవిణ్ణి వదిలెయ్యండయ్యా!"

"నోరు ముయ్! నన్ను ఇంట్లోకి పిలిచింది నువ్వు కాదూ?" రసవాది హుంకరించాడు.

నిజమే, పిలిచింది అతనే. అన్నిటికన్నా ఆ మాటే అతన్ని కోసేస్తోంది.

ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ చేసే పని ఒక్కటే. ఇనుప తలుపు ఎత్తడం, శవాన్ని లోపలికి తొయ్యడం, మీట నొక్కడం. చల్లారాక పొడుగు పిడి పారతో బూడిద ముందుకు లాగి, అయస్కాంతంతో మేకులు ఏరి, మిగిలిన ఎముకలు పొడిచేసి, డబ్బాలో పోసి, పేరు రాసిన చీటీ అంటించి ఇవ్వడం. డబ్బా అందుకునే ప్రతివాళ్ళూ ఒకే మాట అడుగుతారు. "ఇది మావాళ్ళదేనా? ఇంకెవరిదీ కలవలేదు కదా?"

"ఒక్క రేణువు కూడా వేరేది లేదండీ" అంటాడు మేస్త్రీ.

పచ్చి అబద్ధం! బట్టీ నేలంతా ఇటుకలు, ఇటుకల మధ్య సందులు. ఎంత ఊడ్చినా నిన్నటి దర్జీ కొంత మిగులుతాడు, ఇవాళ్టి పంతులమ్మతో కలిసి ఆమె ఇంటికి వెళతాడు. పంతులమ్మ కొంత మిగిలి రేపటి లారీ డ్రైవరు వెంట వెళుతుంది. ఆ బట్టీలోంచి ఏ మనిషీ ఒంటరిగా బయటికి పోలేదు. మేస్త్రీకి పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు. "నిజం చెప్పి ఏడిపించకురా అబ్బాయ్. ఏడవడానికి వాళ్ళకి వేరే కారణం ఉంది."

ఆరేళ్ళ కిందట మేస్త్రీ తన కూతురి కోసం ఆ మీట నొక్కాడు. తొమ్మిదేళ్ళ పిల్ల. గలగలా వాగుతూ ఉంటుందని పిచ్చుక అని పిలుచుకునేవాళ్ళు. మూడు రోజుల జ్వరం మింగేసింది. ఇంకొకరి చేతిలో పెట్టలేక తానే చేశాడు, కానీ ఊడ్చేటప్పుడు చెయ్యి ఆడలేదు. కుడి మూల ఇటుక సందులో కొంత అలాగే ఉండిపోయింది. ఆనాటి నుంచి ఆ మూలను అతను పారతో గాని, చీపురుతో గాని ముట్టలేదు.

భార్య ఆ రోజే మాట మానేసింది. తర్వాత తిండి తగ్గించింది. ఈ ఏడు మంచం దిగడమే మానేసింది. ఆమె అక్క రోజూ వచ్చి చెల్లెలికి తల దువ్వి, నాలుగు ముద్దలు తినిపించి, మరిదిని నాలుగు తిట్లు తిట్టి వెళుతుంది. డాక్టర్లు చీటీలు రాశారు. చీటీలు పెరిగాయి గానీ మనిషి తరిగిపోయింది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు రసవాది, చనిపోయిన తన గురువుగారి శవంతో!

"కపాలం పగలకుండా కావాలి. బూడిద ఒక్క రేణువు కూడా లోపల మిగలకూడదు. సందుల్లోది కూడా గీకి తియ్యి" అన్నాడు. తర్వాత మేస్త్రీ ఇంట్లోకి తొంగిచూసి, మంచం మీది మనిషిని చూసి, కళ్ళు చికిలించాడు. "ఆవిణ్ణి నేను లేపగలను."

మునిగేవాడికి గడ్డిపోచ చాలు. అయినా మేస్త్రీ తటపటాయించాడు. రసవాది నవ్వి, సంచీలోంచి గాజుకూజా తీసి, చిటికెడు బూడిద వేసి వేడిచేశాడు. బూడిద కదిలింది... కాడగా లేచింది... రేకులు విచ్చుకుంది! కూజా లోపల పొగ రంగు గులాబీ నిలబడింది. దీపం ఆర్పగానే అది కుప్పకూలి మళ్ళీ బూడిదయింది.

"కాలింది దేహమే. రూపం బూడిదలో నిద్రపోతూ ఉంటుంది. లేపడం తెలియాలి" అన్నాడు రసవాది.

ఈ సంగతి విని వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. "పువ్వు లేచింది సరే. వాసనొచ్చిందా?"

"రాలేదు వదినా."

"వాసన లేని పువ్వుకే మురిసిపోయావా మరిదీ! ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. రాసిపెట్టుకో!"

మేస్త్రీ వినలేదు. భార్య లేస్తుందంటే నిప్పుల్లో నడిచే స్థితిలో ఉన్నాడతను. గురువుగారి దహనం అయ్యాక, రసవాది కోరినట్టే ఇనుపచువ్వతో ప్రతి సందూ గీకాడు. కుడి మూల దగ్గర చెయ్యి ఆగింది. చాలాసేపు ఆగింది. బతికున్న మనిషి కోసం కదా అనుకుని, కళ్ళు మూసుకుని, ఆ సందు కూడా గీకాడు. డబ్బా చేతిలో పెడుతుంటే రసవాది అందరూ అడిగేదే అడిగాడు. "ఒక్కడిదే కదా? ఇంకెవరిదీ కలవలేదు కదా?"

"ఒక్క రేణువు కూడా వేరేది లేదండీ." అలవాటైన నోరు, తడుముకోకుండా చెప్పేసింది.

మొదటి రోజు ఆమె నుదుట కొంత, నాలుక మీద చిటికెడు బూడిద పెట్టాడు రసవాది. "దీనికి నీటిచుక్క తగలకూడదు. తడిస్తే వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు" అని మరీ మరీ చెప్పాడు. గంట తిరగకుండా ఆమె లేచి కూర్చుంది! మేస్త్రీ గోడకు ఆనుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వదిన కూడా ఆ రోజు తిట్టలేదు.

రెండో రోజు ఆమె మాట్లాడింది. ఆరేళ్ళ తర్వాత మొదటి మాట! బొంగురుగా, కఫం అడ్డుపడిన ముసలి మగగొంతుతో... "నా కళ్ళజోడు ఏదీ?"

వదిన చేతిలోని గిన్నె కిందపడింది. చెల్లెలు ఏనాడూ కళ్ళజోడు పెట్టుకున్న మనిషి కాదు!

మూడో రోజు, అంటే ఇవాళ, రసవాది ముసుగు తీసేశాడు. వదినను బయటికి నెట్టి గడియ పెట్టాడు. మేస్త్రీ చుట్టూ వలయం గీశాడు. "అమృతరసానికి చివరి సూత్రం చెప్పకుండానే పోయాడు ముసలాడు. ఈ దేహంలోకి దింపి చెప్పిస్తాను."

"మరి మా ఆవిడ?"

"నిండు కుండలో కొత్త నీళ్ళు పోస్తే పాతవి ఏమవుతాయిరా పిచ్చివాడా?"

అదుగో... పన్నెండు! గాజుపలక లోంచి దిగిన ఎండ ఆమె నుదుటి మీది బూడిదను తాకింది. మంచం మీద ఆమె నీడ చటుక్కున మాయమైంది. బయట గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది. తలుపు అవతల వదిన రెండు చేతులతో బాదుతోంది. "తలుపు తియ్యరా! నా చెల్లెలికి ఏమైనా అయిందో..."

రసవాది కపాలంలోని బూడిదను దోసిటితో తీసి కూజాలో కుమ్మరించాడు. "భస్మశేషా! నిద్రిత రూపా! జాగృతమగుము! పాత్ర ఇదిగో... పిలిచినవాడి ప్రాణమే పూచీ! దిగిరా!"

మేస్త్రీ పళ్ళు కొరికి కాలు లాగాడు. రాలేదు. చేతులు చాచాడు. అందలేదు. జీవితమంతా ఇతరుల ఆత్మీయులను మంటలోకి తోసిన ఆ చేతులకు, నాలుగడుగుల దూరంలో ఉన్న సొంత మనిషి అందడం లేదు. ఇంతకన్నా నరకం మనిషికి వేరే ఉండదు.

కూజాలో బూడిద గిర్రున తిరిగింది. పొగ రంగులో ఒక ముసలి ముఖం లేచింది. రసవాది కళ్ళు మెరిశాయి. "గురుదేవా!"

ముసలి ముఖం నోరు తెరిచే లోగా దాని భుజం మీంచి ఇంకో ముఖం తొంగిచూసింది. మెడలో కొలతల టేపు! దాని వెనక జారుముడి వేసుకున్న స్త్రీ... వెనక లారీ హారన్ లాంటి గొంతు... వెనక ఇంకొకరు... ఇంకొకరు!

"చొక్కా ఇంకా కుట్టడం అవ్వలేదండీ..."

"అటెండెన్స్ ఎవరు తీశారు?"

"కొంచెం జరగండి బాబూ, ఊపిరాడటం లేదు..."

"ఎవరు మీరంతా!" రసవాది కెవ్వుమన్నాడు. "నేను పిలిచింది ఒక్కణ్ణే! ఒక్కణ్ణే!"

కూజా ఫెళ్ళున పగిలింది. ముప్పై ఏళ్ళ జనం ఆ రెండు గదుల ఇంట్లో కిక్కిరిసిపోయారు! గోడలు కనిపించలేదు. గురువుగారు ఆ తొక్కిసలాటలో ఎక్కడో నలిగిపోయారు. రసవాది మేస్త్రీ వైపు తిరిగాడు. "ఒక్కడిదే అన్నావు కదరా! అబద్ధం చెప్పావా?"

"అందరికీ అదే చెబుతామండీ..." అన్నాడు మేస్త్రీ నిస్సహాయంగా.

పాత్ర ఒక్కటే, వచ్చినవాళ్ళు వేలమంది! చోటు దొరకనివాళ్ళంతా పూచీ పడ్డవాడి వైపు తిరిగారు. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు. నిద్రలోంచి లేపినందుకు చిరాకు మాత్రమే ఉంది, పడుకోవడానికి చోటు కావాలన్న ఆరాటం మాత్రమే ఉంది.

"వద్దు! వెళ్ళండి! మంత్రం వెనక్కి తీసుకుంటున్నాను!" రసవాది వేలిచివర్లు బూడిద రంగుకు తిరిగాయి... మణికట్టు తెల్లబడింది... అరుపు గొంతులోనే పొడిపొడిగా రాలింది. నిలబడిన మనిషి నిలబడినట్టే కుప్పగా కూలాడు! నల్లటి వస్త్రం, దాని కింద గుప్పెడు బూడిద. ఆ వేలమందీ అందులోనే అణిగిపోయారు. కపాలం రెండుగా పగిలి దొర్లింది.

వలయం చెదిరింది. మేస్త్రీ పడుతూ లేస్తూ వెళ్ళి గడియ తీశాడు. వదిన లోపలికి దూసుకొచ్చి చెల్లెలిని కావలించుకుంది.

మంచం మీది కళ్ళు తెరుచుకున్నాయి.

"పెద్దమ్మా... నా రిబ్బను ఏదీ?"

వదిన కొయ్యబారిపోయింది. మేస్త్రీ మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆ గొంతు అతనికి తెలుసు. ఆరేళ్ళుగా ఇటుక సందులో దాచుకున్న గొంతు అది.

"వాళ్ళందరూ ఆయన దగ్గరికి వెళ్ళారు నాన్నా. నేను చిన్నదాన్ని కదా, సందులోంచి దూరి అమ్మ దగ్గరికి వచ్చేశాను." పిల్ల చెయ్యి, కాదు, భార్య చెయ్యి అతని బొటనవేలు పట్టుకుంది. పిచ్చుక ఎప్పుడూ అలాగే పట్టుకునేది. "ఇక్కడే ఉండనా?"

"ఉండు తల్లీ... ఉండు..." వదిన వెక్కిపడింది. "మరిదీ, ఒక్క పూట ఉండనీ. ఒక్క పూటే!"

మేస్త్రీ ఆ గోళ్ళ వైపు చూశాడు. అవి నీలంగా మారుతున్నాయి.

"కానీ నాన్నా, అమ్మ చల్లబడిపోతోంది. పిలిస్తే పలకట్లేదు."

ఇద్దరికీ ఒక్క దేహంలో చోటు లేదని ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. వదినే లేచింది. నీళ్ళకుండలో గుడ్డముక్క ముంచి, ముఖం పక్కకి తిప్పుకుని, అతని చేతికి ఇచ్చింది. అతను దాన్ని అందుకున్నాడు.

"తుడిచేస్తావా నాన్నా?"

"అమ్మ లేవాలి కదమ్మా."

"సరే. నెమ్మదిగా."

అతను ముందు నుదురు తుడిచాడు. తర్వాత పెదవులు. నాలుక తుడిచేటప్పుడు బొటనవేలి మీది పట్టు ఒక్కసారి బిగిసింది, ఆ పైన వదిలేసింది. గుడ్లగూబ ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు.

కాసేపటికి గోళ్ళకు రంగు వచ్చింది. భార్య కళ్ళు తెరిచి గది నలువైపులా చూసింది. ఆరేళ్ళుగా మూగబోయిన సొంత గొంతుతో, నీరసంగా అడిగింది. "ఏవండీ... నా పక్కన ఎవరో పడుకున్నట్టుంది. ఎవరైనా వచ్చారా?"

ముప్పై ఏళ్ళ అలవాటు ఆ రోజు కూడా అతనికి అక్కరకొచ్చింది.

"ఎవరూ రాలేదు" అన్నాడు.

చేతిలోని తడిగుడ్డను అతను పిండలేదు.