కోడలి దగ్గరున్న పాస్‌పోర్టు

ఆ ఉదయం మందుల డబ్బా కోసం బీరువా తెరిచింది అత్తగారు. తన పాస్‌పోర్టు కవరు ఖాళీగా ఉంది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండొచ్చని పన్నెండేళ్ళ క్రితం ఇచ్చిన కార్డూ లేదు.

"నా దగ్గరే ఉన్నాయి అత్తయ్యా, మూడు వారాల క్రితమే వీసా పని మీద తీశాను" అంది కోడలు, బస్సు డ్రైవరు యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ. ఇంకో మాటకి చోటివ్వకుండా డ్యూటీకి వెళ్ళిపోయింది.

పొరుగు దేశంలో ఉన్న తన అక్క జారిపడి, తుంటి విరిగి మంచాన పడి నెల దాటింది, వెళ్ళి చూడాలని అత్తగారి ఆరాటం. బేకరీ నడిపే పక్కింటావిడ మొన్ననే అదే దేశానికి చేతిసంచీతో వెళ్ళి, మూడ్రోజులుండి వచ్చింది. వీసా ఊసే ఎత్తలేదట ఎవరూ. మరి తనకెందుకు వీసా? తను వెళ్ళిపోతే పిల్లల్ని బడి నుంచి తెచ్చేదెవరు, వండిపెట్టేదెవరు? అదీ అసలు సంగతి!

సాయంత్రం కొడుకుని నిలదీసింది. "ఒరేయ్, నీ పెళ్ళాం నన్ను కదలనివ్వకూడదని చూస్తోందా?"

"తను చూసుకుంటుందిలేమ్మా" అన్నాడే కానీ తల ఎత్తలేదు. ఇద్దరూ కూడబలుక్కున్నారని ఆవిడకి రూఢి అయిపోయింది.

నాలుగు రోజులయ్యాక ఓ ఉదయం కోడలు డ్యూటీ అంటూనే మామూలు బట్టల్లో బయల్దేరింది. అత్తగారు వెనకే నడిచింది. నాలుగు వీధులు దాటాక, వీసా ఆఫీసు ముందు బారెడు వరసలో దొరికిపోయింది కోడలు.

"ఇదేనా నీ డ్యూటీ? నా కాగితాలు దాచి ఇక్కడేం చేస్తున్నావు?"

వరసంతా వెనక్కి తిరిగింది. కోడలి మొహం ఎర్రబడింది.

"పక్కింటావిడ ఈ దేశ పౌరురాలు అత్తయ్యా. ఆవిడ పాస్‌పోర్టుకి అక్కడ వీసా అక్కర్లేదు. మనకి ఇక్కడ ఉండే హక్కే ఉంది, పాస్‌పోర్టు మాత్రం పుట్టిన దేశానిదే. దానికి వీసా కావాలి."

"ఆ ముక్క ఇంట్లో చెప్పడానికేం?"

"మీ వీసాకి ఇక్కడ ఒకసారి అడిగితే కాదన్నారు. మీ పాస్‌పోర్టు గడువు నాలుగు నెలలే మిగిలింది, ఆరైనా ఉండాలట. మీ అక్కగారి కోసం రోజూ ఏడుస్తున్న మీకు ఆ మాట ఎలా చెప్పను? ఆయన్నీ చెప్పొద్దన్నాను." కోడలు సంచీలోంచి కొత్త పాస్‌పోర్టు తీసింది. దాని మీద కొత్త కార్డు. "రెండూ నిన్ననే చేతికొచ్చాయి. హక్కు శాశ్వతమే అయినా, పాత కార్డుకీ గడువు దగ్గర పడింది. ఎలాగో అక్కడికి వెళ్ళినా, మళ్ళీ ఇక్కడికి రానివ్వరు. మీరు తిరిగి రాకపోతే మాకెలా? ఎలాగూ వచ్చారు, వేలిముద్రలు ఇద్దురుగాని రండి."

కిటికీ అవతలి గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "ఈవిడ అక్కడే ఉండిపోరని ఏంటి నమ్మకం?"

"ఉండిపోతే నేనే వెళ్ళి తీసుకొస్తాను" అంది కోడలు, నవ్వకుండా.

అత్తగారి వేళ్ళు అరిగి మిషను రెండుసార్లు ముద్ర తీసుకోలేదు. మూడోసారి కోడలు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా అదిమింది.

బయట మెట్ల మీద అత్తగారు కూర్చుంది. "నాలుగు రోజులుగా నువ్వు స్నానానికెళ్ళినప్పుడల్లా నీ సంచీ వెతుకుతున్నానే" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తెలుసు అత్తయ్యా" అంది కోడలు పక్కన కూర్చుంటూ. "జిప్పు మళ్ళీ వెయ్యడం మర్చిపోయేవారు."

అత్తగారు కోడలి భుజం మీద తల ఆనించి భోరుమంది.