పెనుకొండ దారిలో ఊడిన చక్రం

శుక్రవారం పొద్దున కుళ్ళాయప్ప హిందూపురంలోని శోభారాణి ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, నేను బిగిచ్చిన చక్రం మొన్న పెనుకొండ కాడ ఊడిపోయిందంట. ఒక పెద్దామె చెయ్యి విరిగింది. బండాయన నా మీద ఫిర్యాదు ఇచ్చినాడు, రేపు స్టేషనుకు రమ్మన్నారు. నన్ను లోపలేస్తే నా షాపు పోతాది, పేరూ పోతాది."

శోభారాణి ఇరవై ఏళ్ళు బీమా కంపెనీల తరఫున ప్రమాదంలో దెబ్బతిన్న బండ్లను పరిశీలించి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమె సహాయకుడు ఓబుళప్ప ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనవాడు. తను వినీ వదిలేసిన మాటను ఆమె పట్టుకున్న ప్రతిసారీ అతనికి ఆశ్చర్యమే.

"మొదటినుంచి చెప్పు," అంది ఆమె.

పోయిన శనివారం ధర్మవరం పట్టుచీరల వ్యాపారి రాఘవేంద్ర కారు తెచ్చాడు. కొత్త చక్రాలు వేయాలి, బండి ఎత్తు తగ్గించాలి.

"పదిహేడు అంగుళాల చక్రాలు కావాలన్నాడమ్మా. బండి దించినాక అంత పెద్దవి మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటాయని చెప్పి పదహారుకు ఒప్పించినా. స్ప్రింగులు కోసి దించమన్నాడు. నేను కొయ్యను. పొట్టి స్ప్రింగులు కొత్తవి తెప్పిచ్చి వేసినా. చక్రాలకు నల్లవి, కొత్త నట్లు వేసినా. పాత తెల్ల నట్లు కవర్లో పెట్టి డిక్కీలో ఉంచినా."

"కొత్త నట్లెందుకు?"

"కొత్త చక్రంలో నట్టు కూర్చునే గుంత గరాటు మాదిరి ఉంటాది. మూతి కోసుగా ఉండే నట్టే దాంట్లో పడతాది. పాత నట్టు మూతి గుండ్రం. ఎంత బిగిచ్చినా నాలుగు రోజుల్లో వదులైపోతాది."

"బండిని జాకీతో లేపినావా?"

"లేదమ్మా, మా షాపులో లిఫ్టు ఉండాది."

మధ్యాహ్నం ముగ్గురూ పెనుకొండకు పోయారు. చక్రం ఊడిన చోట రోడ్డు పక్క చెట్లలో అరగంట వెతికితే ఓబుళప్పకు రెండు నట్లు దొరికాయి. తెల్లవి. కుళ్ళాయప్ప వాటిని చూసి నోరు తెరవబోతే శోభారాణి చేత్తో వారించింది.

స్టేషను ఆవరణలో కారు ఒక పక్కకు ఒరిగి ఉంది. హెడ్ కానిస్టేబుల్ అనుమతితో ఆమె ఊడిన చక్రాన్ని వేళ్ళతో తడుముతూ చుట్టూ తిప్పింది. కొత్త టైరులో ఒకచోట పంక్చరు వేసిన గుర్తు ఉంది. డిక్కీలోని కవరు విప్పితే లోపల పన్నెండు తెల్ల నట్లు, నాలుగు నల్ల నట్లు.

ఓబుళప్పకు తల తిరిగింది. ఆమె మాత్రం కవరు మడిచి మళ్ళీ డిక్కీలోనే పెట్టింది.

ధర్మవరంలో చీరల కొట్టు పైనే ఇల్లు. రాఘవేంద్ర నుదుటి మీద కుట్లు పడ్డాయి. అతని తల్లి వెంకటలక్ష్మమ్మ చేతికి సిమెంటు కట్టు. భార్య పూర్ణిమ, కొట్టులో తోడుండే చిన్నాయన కొడుకు నరేష్ కూడా అక్కడే ఉన్నారు.

"టైరు ఎప్పుడైనా పంక్చరైందా?" అంది శోభారాణి.

"లేదు మేడం. కొత్తవి కదా," అన్నాడు రాఘవేంద్ర. "సోమవారం, మంగళవారం నేను బెంగళూరులో ఉంటి. రైల్లో పోయినా. కారు ఇంటి ముందరే, తాళం హాల్లో మేకుకు."

పూర్ణిమ తనంతట తనే చెప్పింది. "నాకూ కారు నడిపేది వస్తుంది. కానీ దాని జోలికి పోలేదు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంత కిందికి వంగి కూచోలేదు. దించొద్దని ఎంత చెప్పినా వినలేదీయన."

"నాకూ ఇష్టం లేదు," అన్నాడు నరేష్. "కింద జాకీ కూడా దూరదు, అదీ ఒక బండేనా? నేను దాన్ని ముట్టింది లేదు. సోమవారం పెండ్లిచూపులకు ముదిగుబ్బకు పోయినా, బస్సులోనే. ఆ మెకానిక్‌ను మాత్రం వదలకూడదు మేడం."

బయటికి వచ్చాక శోభారాణి, "రేపు పొద్దున ముదిగుబ్బ దారిలో పంక్చర్ షాపులన్నీ అడిగి రా, ఓబుళప్పా," అంది.

శనివారం మధ్యాహ్నానికి ఓబుళప్ప తిరిగొచ్చాడు. అదే హాల్లో అందరినీ కూర్చోబెట్టింది ఆమె. కుళ్ళాయప్ప గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు," అని మొదలుపెట్టింది. "రాఘవేంద్ర ఊళ్ళో లేనప్పుడు ఎవరో కారు తీసుకుపోయారు. దారిలో పంక్చరైంది. చక్రం విప్పి, నల్ల నట్లు స్టెప్నీకి సరిగా కూర్చోకపోతే దాన్ని డిక్కీలోని పాత నట్లతో బిగించారు. స్టెప్నీ పాత చక్రమే కాబట్టి అవి సరిపోయాయి. పంక్చరు వేయించాక కొత్త చక్రాన్ని మళ్ళీ ఎక్కించారు, ఆ పాత నట్లతోనే. విప్పిన నల్ల నట్లు కవర్లో ఉండిపోయాయి. బుధవారం పెనుకొండ దగ్గర ఆ తెల్ల నట్లు ఊడిపోయాయి."

"ఎవరు?" అన్నాడు రాఘవేంద్ర.

"దించిన బండి కింద జాకీ దూరదని కుళ్ళాయప్పకు కూడా తెలియదు, అతనికి లిఫ్టు ఉంది. మీరూ ఆ బండికి జాకీ పెట్టలేదు. టైరు గాలి పోయి, రోడ్డు మీద జాకీ పట్టుకొని అవస్థపడిన మనిషికే అది తెలుస్తుంది. నిన్న ఈ ఇంట్లో ఆ మాట అన్నది ఒక్కరే."

ఓబుళప్ప అందుకున్నాడు. "కారు గురించి చెప్తానే ముదిగుబ్బ దారిలోని పంక్చర్ షాపాయన గుర్తుపట్టినాడు. జాకీ పట్టక రెండు కడప బండల మీదికి బండిని ఎక్కించి స్టెప్నీ వేసినాడంట. పెండ్లిచూపులకు పోతాండానని, తొందరగా వెయ్యమని అడిగినాడంట."

నరేష్ తల ఎత్తలేదు. "పెండ్లివాళ్ళ ముందర బస్సు దిగి నడిచిపోయేదానికి మనసొప్పలేదు. చక్రం ఊడుతుందని నాకేం తెలుసు? పెద్దమ్మ చెయ్యి చూసినాక చెప్పేదానికి నోరు రాలేదు."

"ఆ మెకానిక్ మీదికి నెట్టేదానికి మాత్రం నోరు వచ్చిందే," అంది వెంకటలక్ష్మమ్మ.

సాయంత్రం పెనుకొండ స్టేషనులో నరేష్ జరిగిందంతా తన చేత్తో రాసి ఇచ్చాడు. రాఘవేంద్ర ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. బయట వరండాలో నరేష్ కుళ్ళాయప్ప ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"పంక్చరైన రోజు నాకు ఒక్క ఫోన్ కొట్టింటే చాలు కదప్పా," అన్నాడు కుళ్ళాయప్ప. "ఏ నట్టు వెయ్యాల్నో ఫోన్లోనే చెప్తాంటి."